కుక్కల బండి కాంట్రాక్టు: తలకింత అని లెక్కకడితే ఏమవుతుంది?

ఈ ఎపిసోడ్‌లో వీధికుక్కల గురించి మాట్లాడుకుందాం. కంగారు పడకండి, "కుక్కలు ఉండాలా, పోవాలా" అని కొట్టుకునే వీడియో కాదిది. ఆ గొడవ మీ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూప్‌లో ఎలాగూ రోజూ నడుస్తూనే ఉంటుంది. నేను అడిగేది దాని వెనకున్న ఇంకో ప్రశ్న. పొద్దున్నే మీ సందులోకి ఒక బండి వస్తుంది చూడండి, నలుగురు దిగి వలేసి కుక్కల్ని పట్టుకెళ్తారు. ఆ బండి ఎవరిది? కార్పొరేషన్‌దా, కాంట్రాక్టర్‌దా, జంతుసేవా సంస్థదా? వాళ్లకు డబ్బులు దేన్ని లెక్కపెట్టి ఇస్తున్నారు?

బోర్ కొట్టే ప్రశ్నలా ఉంది కదా? కానీ మీ వీధిలో కుక్కలు తగ్గుతాయా లేదా అన్నది చాలావరకు ఇక్కడే తేలిపోతుంది.

ముందు ఒక తేదీ గుర్తుచేస్తాను. 2023 ఫిబ్రవరి 19, ఆదివారం. హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబు. వాళ్ల నాన్న సెక్యూరిటీ గార్డు. సెలవు రోజు కదా అని పిల్లాణ్ణి తన డ్యూటీ చోటికి తీసుకెళ్లాడు. అక్కడ కుక్కలు మీదపడి ఆ బాబు చనిపోయాడు. సీసీ కెమెరా వీడియో దేశమంతా తిరిగింది. మీలో చాలామంది చూసే ఉంటారు. చూడనివాళ్లు వెతకొద్దు, షేర్ అసలే చేయొద్దు. హైకోర్టు ఈ విషయాన్ని తనంతట తానే విచారణకు తీసుకుంది.

ఆ తర్వాత మన దగ్గర ఏం జరిగిందో మీకు తెలిసిందే. కార్పొరేషన్‌ని తిట్టారు. కుక్కలకు అన్నం పెట్టేవాళ్లని తిట్టారు. మాంసం దుకాణాల చెత్తని, ఎక్కడపడితే అక్కడ చెత్త పారేసే జనాన్ని తిట్టారు. తలా పాపం తిలా పిడికెడు అన్నట్టు అందరికీ ఇంత పంచేశాక, జవాబు చెప్పాల్సినవాళ్లు ఎవరూ మిగల్లేదు. ఇక్కడే కాంట్రాక్టు సంగతి వస్తుంది.

చట్టం ఏమంటుందో గబగబా చెప్పేస్తాను. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద 2001 డిసెంబర్‌లో కుక్కల సంతాన నియంత్రణ నియమాలు వచ్చాయి. వాటి స్థానంలో 2023 మార్చిలో కొత్తవి వచ్చాయి. గమనించారా, అంబర్‌పేట ఘటన జరిగిన నెల లోపే. అయితే దానివల్ల వచ్చినవి కావు, అప్పటికే తయారవుతున్నాయి. వీటి సారాంశం ఏంటంటే, వీధికుక్కని చంపకూడదు. పట్టుకోవాలి, కు.ని. ఆపరేషన్ చేయాలి, రేబిస్ టీకా వేయాలి, చెవి అంచున గుర్తుగా చిన్న కోత పెట్టాలి, కొన్ని రోజులు కోలుకోనిచ్చి ఎక్కడ పట్టారో అక్కడే వదలాలి. బాధ్యత మున్సిపాలిటీదే. అయితే ఆ పనిని జంతు సంక్షేమ బోర్డు గుర్తింపు ఉన్న సంస్థకు అప్పజెప్పొచ్చు.

చాలా ఊళ్లు చేసేది అదే. హైదరాబాద్‌లో ఫతుల్లగూడ, చుడీబజార్ లాంటి చోట్ల కార్పొరేషన్‌కి సొంత కేంద్రాలున్నాయి. చిన్న మున్సిపాలిటీలకు అంత సీన్ లేదు. పశువుల డాక్టర్ ఉండడు, ఆపరేషన్ గది ఉండదు, కుక్కని పట్టడం వచ్చిన మనిషి ఉండడు. టెండర్ పిలవాల్సిందే.

బయటివాళ్లకు ఇవ్వాలనేవాళ్ల మాటలో న్యాయం లేకపోలేదు. ఏళ్ల తరబడి ఖాళీగా ఉన్న పోస్టులు ఎప్పుడు భర్తీ అవుతాయో ఎవరికీ తెలీదు. పనిచేయని ఉద్యోగిని తీసేయడం కష్టం, పనిచేయని కాంట్రాక్టర్‌ని మార్చడం తేలిక. పైగా జంతువుల కోసమే పుట్టిన సంస్థలకు ఆ పని మీద ప్రేమ ఉంటుంది. హైదరాబాద్ బ్లూ క్రాస్‌ని అక్కినేని అమల, నాగార్జున 1992లో మొదలుపెట్టారు. అంటే ఈ నియమాలు రావడానికి దాదాపు పదేళ్ల ముందు. ప్రభుత్వం కంటే ముందు ఈ పని నేర్చుకున్నది ఇలాంటి సంస్థలే. అది ఒప్పుకోవాలి.

వద్దనేవాళ్ల మాట కూడా వినండి. కార్పొరేషన్‌లో అయితే ఆర్టీఐ వేసి లెక్కలు లాగొచ్చు, కార్పొరేటర్‌ని నిలదీయొచ్చు. కాంట్రాక్టర్‌ని ఎలా అడుగుతారు? "మేం ఇచ్చేశాం, వాళ్లని అడగండి" అని ఆఫీసు అంటుంది. "మాకు బిల్లులు రాలేదు, వాళ్లని అడగండి" అని కాంట్రాక్టర్ అంటాడు. మధ్యలో పిల్లాడి చెయ్యి పట్టుకుని ఆస్పత్రి లైన్లో నిలబడ్డ అమ్మకి ఈ ఇద్దరిలో ఎవరూ దొరకరు.

నా ఉద్దేశంలో ఈ రెండు వర్గాలూ అసలు విషయాన్ని వదిలేసి వాదించుకుంటున్నాయి. ఎవరికి ఇచ్చాం అన్నదాని కంటే, దేనికి డబ్బులిస్తున్నాం అన్నది పెద్ద ప్రశ్న.

మన దేశంలో మామూలు పద్ధతి "కుక్కకి ఇంత". జంతు సంక్షేమ బోర్డు పాత పథకంలో ఒక కుక్కకి 445 రూపాయలు ఉండేది. పట్టి తెచ్చి మళ్లీ వదిలినందుకు 75, ఆపరేషన్‌కి, మందులకి, తిండికి కలిపి 370. నవ్వొస్తోందా? ఆ డబ్బుతో ఇప్పుడు మన ఇంటి కుక్కని క్లినిక్‌లో చూపించుకోవడం కూడా కష్టం. తర్వాత రేట్లు పెరిగాయి, చాలాచోట్ల వెయ్యి దాటాయి. రేటు మారింది గానీ లెక్క మారలేదు. ఇప్పటికీ తలకింతే.

ఇందులో తప్పేముంది, పనికి తగ్గ కూలి కదా అనిపిస్తుంది. సరే, ఒక లెక్క వేసి చూద్దాం. ఇది నేను ఉదాహరణకి అనుకుంటున్న ఊరు. పది వార్డులు, వార్డుకి వెయ్యి కుక్కలు. కాంట్రాక్టర్ ఏడాదిలో వెయ్యి ఆపరేషన్లు చేయాలి. అతను ఏం చేస్తాడు? ఈ రోజు ఇక్కడ ఫిర్యాదు వచ్చిందని నాలుగు, రేపు అక్కడ కార్పొరేటర్ ఫోన్ చేశాడని ఐదు. ఏడాది చివర వెయ్యి పూర్తి. బిల్లు కరెక్ట్. కాకిలెక్క కూడా కాదు, నిజంగానే వెయ్యి చేశాడనుకుందాం. ఫలితం? ప్రతి వార్డులో వందే అయ్యాయి, అంటే పది శాతం. మిగిలిన తొంభై శాతం పిల్లల్ని కంటూనే ఉంటాయి. ఆడకుక్క ఏడాదికి రెండుసార్లు ఈనొచ్చు, ఈతకి నాలుగైదు పిల్లలు. చాలా పిల్లలు చచ్చిపోయినా, ఆ పది శాతం లోటు పూడటానికి ఎంతో కాలం పట్టదు.

అదే వెయ్యి ఆపరేషన్లలో 700 ఒకే వార్డులో చేసి, మిగతా 300తో పక్క వార్డు మొదలుపెట్టి ఉంటే? కనీసం ఒక వార్డులో సంఖ్య పెరగడం ఆగేది. డెబ్బై శాతం అన్నది ఈ రంగంలో అందరూ గుర్తుంచుకునే అంకె. అది దాటితేనే ఫలితం కనబడుతుందంటారు, అదీ తక్కువ వ్యవధిలో దాటాలి, ఏళ్ల మీద సాగదీస్తే లాభం లేదు. రెండు ఊళ్లలోనూ ఖర్చు ఒకటే, బిల్లు ఒకటే, కాగితం మీద రెండూ "టార్గెట్ రీచ్డ్".

ఇంకోటి. తలకింత అన్నప్పుడు పట్టేవాళ్లు ఏ కుక్కని పడతారు? బిస్కెట్ చూపిస్తే తోకూపుకుంటూ వచ్చేదాన్ని. టీ కొట్టు దగ్గర అందరికీ మచ్చికైనదాన్ని. మనిషిని చూస్తేనే పరిగెత్తే ఆడకుక్క ఉంటుంది చూడండి, ఖాళీ ప్లాట్లో తుప్పల వెనక ఈనేది, పిల్లలున్నప్పుడు మీదకొచ్చేది. దాన్ని పట్టాలంటే సగం పూట పడుతుంది. ఆ సగం పూటలో మచ్చికైనవి ఆరు దొరుకుతాయి. మీరే ఆ బండిలో ఉంటే ఏం చేస్తారు? నేనైతే ఆరింటినే పడతాను. ఇందులో ఎవరూ మోసం చేయట్లేదు, కాంట్రాక్టు ఎలా రాస్తే పని అలా జరుగుతోంది. సమస్య తెచ్చే కుక్క మాత్రం అక్కడే ఉండిపోతుంది.

మోసం ఆపడానికి నియమాల్లో ఏర్పాటు ఉంది, కొంచెం వికారంగా ఉంటుంది, భోజనం చేస్తూ వింటున్నవాళ్లు సారీ. ఆపరేషన్‌లో తీసిన అవయవాల్ని దాచి ఉంచాలి, వాటిని లెక్కపెట్టి చూశాకే బిల్లు. ఆపరేషన్ జరిగిందని దాంతో తేలుతుంది. కానీ ఆ కుక్కని ఏ వీధిలో పట్టారో, బతికి తిరిగొచ్చిందో లేదో, తెచ్చిన చోటే వదిలారో లేక బండి తిరిగొచ్చే దారిలో ఎక్కడో దించేశారో ఆ డబ్బా చెప్పదు. కొత్త చోట దించిన కుక్కకి ఆ ఏరియా తెలీదు, అక్కడి కుక్కలు రానివ్వవు, భయంతో కరుస్తుంది. "మా వీధిలోకి ఎక్కడివో కొత్త కుక్కలు వచ్చాయి" అని జనం అంటుంటారే, దానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

తలకింత అనే పద్ధతి ఇప్పుడు పుట్టింది కాదు. 1832లో బొంబాయిలో కంపెనీ ప్రభుత్వం వీధికుక్కల్ని చంపినందుకు తలకి ఎనిమిది అణాలు ఇచ్చేది. ఎనిమిది అణాలంటే అప్పట్లో మంచి డబ్బు. కానిస్టేబుళ్లు ఏం చేశారు? వీధికుక్కలతో ఆగలేదు, పెంపుడు కుక్కల జోలికీ వెళ్లారు. పార్సీలకు కుక్క పవిత్రమైన జంతువు. ఆ జూన్‌లో కోట ప్రాంతంలో గొడవలు లేచాయి, దుకాణాలు మూతపడ్డాయి. చరిత్ర పుస్తకాల్లో దాన్ని బొంబాయి కుక్కల అల్లర్లు అంటారు. కుక్కకి ఎనిమిది అణాలు అన్నారు గానీ, ఎవరి కుక్క, ఏ కుక్క అని అడిగేవాడు లేడు.

న్యూయార్క్‌లోనూ అంతే. పందొమ్మిదో శతాబ్దం మధ్యలో, ఎండాకాలం వస్తే పిచ్చికుక్కల భయం, పట్టి తెచ్చినవాడికి కుక్కకింత అని బహుమతి. ఇళ్లముందు నుంచి కుక్కల్ని ఎత్తుకెళ్లి అమ్మేసేవాళ్లు తయారయ్యారు. ఎవరూ విడిపించుకోనివాటిని ఇనుప బోనులో పెట్టి ఈస్ట్ నదిలో ముంచేవాళ్లు. 1866లో హెన్రీ బెర్గ్ అనే ఆయన జంతుహింస నివారణకి ఒక సంఘం పెట్టాడు. అమెరికాలో ఆ తరహాలో అదే మొదటిది, ఏఎస్‌పీసీఏ అంటారు. ఆయన 1888లో పోయాడు. 1894లో న్యూయార్క్ నగరం కుక్కల పని మొత్తం ఆ సంఘానికే అప్పజెప్పింది. నదిలో ముంచేవాళ్ల చేతిలోంచి ప్రేమించేవాళ్ల చేతికి, అంతకంటే మంచి కాంట్రాక్టు ఏముంటుంది అనిపిస్తుంది కదా?

సరిగ్గా వందేళ్లు నడిచింది. ఈ వందేళ్లలో ఆ సంఘం లక్షల కుక్కల్ని, పిల్లుల్ని తన చేతులతోనే చంపాల్సి వచ్చింది, ఎందుకంటే కాంట్రాక్టులో ఉన్న పని అదే. నగరం ఇచ్చే డబ్బుకీ అయ్యే ఖర్చుకీ పొంతన లేదు, తేడాని చందాల్లోంచి పూడ్చుకోవాలి. జంతువుల్ని కాపాడమని జనం ఇచ్చిన చందాలవి. చివరికి 1990ల మొదట్లో "ఇక మా వల్ల కాదు" అని సంఘం తప్పుకుంది. 1995 నుంచి నగరం ఇంకో లాభాపేక్ష లేని సంస్థ పెట్టించింది. పేరుకి ప్రైవేటు సంస్థ, బోర్డులో కూర్చున్నది నగర ఉన్నతాధికారులే. ఇదేం స్వతంత్రం అని విమర్శలు ఏళ్ల తరబడి నడిచాయి.

నాకు ఈ కథలో బాగా పట్టేసింది ఆ చందాల సంగతి. మంచి మనసున్న సంస్థ దొరికింది కదా అని నగరం తక్కువ డబ్బుతో సరిపెట్టేసింది. మన దగ్గర జరగట్లేదా ఇది? "వాళ్లు సేవ చేసేవాళ్లు కదా, ఎంతిచ్చినా చేస్తారు" అని మనవాళ్లూ అంటారు. బిల్లు ఆరు నెలలు ఆగుతుంది. ఆ ఆరు నెలలు కుక్కకి మందు, దారం, మత్తు సూది ఎక్కడినుంచి రావాలి? పట్టే కుర్రాళ్లకి జీతం ఎక్కడినుంచి? అన్నట్టు ఆ కుర్రాళ్ల గురించి ఎవరూ మాట్లాడరు. రోజూ కుక్క నోటికి దగ్గరగా చెయ్యి పెట్టే పని. వాళ్లకి ముందుజాగ్రత్తగా రేబిస్ టీకాలు వేయించి ఉండాలి. అవుట్‌సోర్సింగ్‌లో సబ్ కాంట్రాక్ట్, దానికింద రోజుకూలి అయితే ఆ టీకా ఖర్చు ఎవరి ఖాతాలో పడుతుందో మీరే ఊహించుకోండి. ఇటు వీధిలో ఒకరు "ఎందుకు పట్టారు" అని బండికి అడ్డం పడుకుంటారు, ఇంకొకరు "ఎందుకు వదిలారు" అని తిడతారు. రెండు తిట్లూ ఆ కుర్రాడికే.

సరే, బాగా జరిగిన చోటు లేదా అంటే ఉంది, గోవా. అక్కడ మిషన్ రేబిస్ అనే సంస్థతో రాష్ట్ర ప్రభుత్వం ఒప్పందం చేసుకుంది. బయటి సంస్థే, కానీ లక్ష్యం ఎలా పెట్టుకున్నారో చూడండి. ఎన్ని సూదులు వేశారన్నది కాదు, ఆ ప్రాంతంలో నూటికి డెబ్బై కుక్కలకి టీకా పడిందా అన్నది. టీం వలలతో వీధి వీధి తిరుగుతుంది. టీకా వేసిన ప్రతి కుక్కకి ఒంటిమీద రంగు గుర్తు, ఫోన్ యాప్‌లో చోటుతో సహా నమోదు. తర్వాత ఇంకో టీం అదే వీధుల్లో తిరిగి, రంగున్నవి ఎన్ని, లేనివి ఎన్ని అని లెక్కపెడుతుంది. డెబ్బై రాకపోతే మళ్లీ వెళ్లాలి. బిస్కెట్‌కి వచ్చే కుక్కలతో అక్కడ పని జరగదు, పారిపోయేదాన్నీ పట్టాల్సిందే. 2017 తర్వాత వరసగా కొన్నేళ్లు గోవాలో రేబిస్‌తో ఒక్క మనిషి కూడా చనిపోలేదు. ప్రపంచంలో రేబిస్ చావుల్లో మూడో వంతుకి పైగా మన దేశంలోనే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఆ దేశంలో ఒక రాష్ట్రం ఇది సాధించింది. అయితే గోవాలో తగ్గింది రేబిస్. కుక్కల సంఖ్య వేరే కథ, దానికి ఆపరేషన్లు కావాలి. ఈ రెంటినీ కలిపేసి మాట్లాడితే వాదన ఎప్పటికీ తెగదు.

ఇక సుప్రీంకోర్టు. 2025 ఆగస్టు 11న ఇద్దరు జడ్జిల ధర్మాసనం ఢిల్లీ ప్రాంతంలో వీధికుక్కలన్నిటినీ షెల్టర్లకి తరలించమంది. పదకొండు రోజుల్లో, ఆగస్టు 22న, ముగ్గురు జడ్జిల ధర్మాసనం దాన్ని మార్చింది. రేబిస్ ఉన్నవి, బాగా మీదకొచ్చేవి తప్ప, మిగతావాటికి ఆపరేషన్, టీకా అయ్యాక పట్టిన చోటే వదలాలి. అన్నం పెట్టడానికి వేరే చోట్లు చూపించాలి. నవంబర్ 7న మరో ఆదేశం, ఈసారి దేశమంతటికీ. స్కూళ్లు, ఆస్పత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల లాంటి చోట్ల నుంచి కుక్కల్ని తీసేయాలి, తీసినవాటిని మళ్లీ అక్కడే వదలకూడదు.

ఈ తీర్పు మంచిదా చెడ్డదా అని మీరు వాదించుకోండి. నాకు కనబడే చిక్కు వేరు. షెల్టర్‌కి తీసుకెళ్లిన కుక్కకి రోజూ తిండి పెట్టాలి, ఎనిమిదేళ్లో పదేళ్లో, అది బతికినంతకాలం. ఆపరేషన్ అయితే ఒకసారి ఖర్చు. షెల్టర్ కాంట్రాక్టుని కూడా తలకింత, నెలకింత అని రాస్తే ఏమవుతుంది? చచ్చిపోయిన కుక్క రిజిస్టర్‌లో బతికే ఉంటుంది. లేదా మొత్తంగా ఇంత అని ముందే ఇచ్చేస్తే, త్వరగా చచ్చిపోయిన కుక్క లాభం. ఎలా రాసినా ఒక ప్రమాదం ఉంది. అందుకే లెక్కపెట్టేవాడు, బిల్లు తీసుకునేవాడు ఒక్కరు కాకూడదు.

మీరేం చేయొచ్చు అని అడుగుతారు. మీ వీధిలో కుక్కల చెవులు చూడండి. కోత ఉన్నవి ఎన్ని, లేనివి ఎన్ని. ఒక ఆదివారం పొద్దున ఇద్దరు ఫ్రెండ్స్ కలిసి తిరిగితే గంటలో అయిపోతుంది. దగ్గరికి వెళ్లి చెవి పట్టుకోకండి బాబూ, ఫోన్ కెమెరా జూమ్ చేస్తే చాలు. తర్వాత మీ మున్సిపాలిటీకి ఆర్టీఐ వేయండి. "ఎన్ని ఆపరేషన్లు చేశారు" అని అడగొద్దు, పెద్ద అంకె ఒకటి రాసి పంపేస్తారు. "మా వార్డులో ఎన్ని కుక్కలున్నాయి, వాటిలో ఎన్నిటికి అయింది, ఆ లెక్క ఎవరు తీశారు, కాంట్రాక్టు కాపీ ఇవ్వండి" అని అడగండి. పర్యవేక్షణ కమిటీ ఉండాలని నియమాల్లోనే ఉంది, అది చివరిసారి ఎప్పుడు కూర్చుందో, మినిట్స్ ఏవో కూడా అడగండి. వాళ్లు రాసిన శాతం, మీరు ఆదివారం లెక్కపెట్టిన శాతం పక్కపక్కన పెట్టి చూడండి. నాకు పంపితే ఇంకో ఎపిసోడ్ చేద్దాం, ఊరి పేరుతో సహా.

ఇంకొక్క మాట చెప్పి ఆపేస్తా, ఇది కాంట్రాక్టుకి సంబంధం లేనిది. 2024లో దేశంలో నమోదైన కుక్కకాట్లు 37 లక్షలకి పైనే. కరిచినా, గీరినా, పసుపు, కారం, సున్నం ఏదీ పెట్టొద్దు. కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి, గడియారం చూసి. అదే రోజు ఆస్పత్రికి వెళ్లండి. గాయం లోతుగా ఉంటే టీకాతో పాటు గాయం దగ్గర వేసే ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా కావాలి, డాక్టర్ చెప్పకపోతే మీరే అడగండి. మిగతా డోసులు డాక్టర్ రాసిన తేదీలకే వేయించుకోండి, నొప్పి తగ్గిందని మానేయొద్దు. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక మందు లేదు.